ఈ ఊళ్ళో అందరూ గొణుగుతారు

ఫిబ్రవరి 3

నన్ను ఇంటికి పంపేసిన డాక్టరు జన్మలో ఒక్కసారి కూడా ఫిరంగి పక్కన నిలబడి ఉండడు. నిలబడి ఉంటే తెలిసేది, అక్కడ కావలసింది గుండె అని. ఎడమ చెవి పూర్తిగా పోయిందట, కుడిది సగానికి పైగా పోయిందట. ఆయనగారి డబ్బా మిషను చెప్పిందట. మిషను చెబితే నమ్ముతాడు. ఇన్నేళ్ళుగా ఒక్క గుండు కూడా గురి తప్పని నేను, బాగానే వినపడుతోంది మొర్రో అంటే నమ్మడు.

డిశ్చార్జి కాగితం మీద రెండు ముక్కలు గీకి పడేశాడు. అనారోగ్యం వల్ల విడుదల. తిరిగి చేరే అర్హత ఆగస్టు పరీక్షలో తేలుతుంది. ఆగస్టులో చెవులు బాగున్నాయని తేలితే నా పటాలానికి, నా ఫిరంగి దగ్గరికి వెళ్ళిపోతాను. తేలకపోతే 'ఎప్పటికీ చేర్చుకోరాదు' అని ముద్ర కొడతారు. ఆ ముద్ర పడ్డాక ఎవడి కాళ్ళు పట్టుకున్నా లాభం లేదు. నేను ఎవడి కాళ్ళూ పట్టుకోను, అది వేరే సంగతి.

ఆగస్టు దాకా అక్క ఇంట్లోనే. మేడ మీద వీళ్ళ కాపురం, కింద బావ డ్రైవింగ్ స్కూలు. నాకు వెనక గది ఇచ్చారు. కిటికీ తీస్తే పక్కింటి గోడ. ఈ డైరీ ఎందుకు మొదలుపెట్టానంటే, ఈ కొంపలో మాట్లాడదగ్గ మనిషి లేడు.

ఫిబ్రవరి 5

బావకి నోరు విప్పి మాట్లాడటం రాదు. పొద్దున కాఫీ తాగుతూ పేపరు అడ్డం పెట్టుకుని ఏదో గొణిగాడు. "ఏంటి బావా?" అన్నాను. పేపరు దించి మళ్ళీ చెప్పాడు. దించి చెబితే శుభ్రంగా అర్థమైంది. అంటే చేతకాక కాదు, ఎదుటి మనిషికి ముఖం చూపించి మాట్లాడే మర్యాద లేక. మా పటాలంలో ఇలా గొణిగినవాణ్ణి పరేడ్ గ్రౌండు చుట్టూ పరిగెత్తించేవాణ్ణి, నాలుగో చుట్టుకి గొంతు దానంతటదే పెగిలేది.

ఇంతకీ అడిగిందేమిటంటే, ఖాళీగా కూర్చోకుండా స్కూల్లో పిల్లలకీ పెద్దలకీ కారు నేర్పుతావా అని. ఫిరంగిని కొండ మీదికి లాగే లారీలు నడిపినవాణ్ణి నేను. ఈయన దగ్గరున్నది రెండు బ్రేకుల బుల్లి కారు. నేర్చుకునేవాడి కాలి కింద ఒక బ్రేకు, పక్కన కూర్చున్నవాడి కాలి కింద ఇంకో బ్రేకు. సరే అన్నాను, జాలిపడి.

ఫిబ్రవరి 11

అక్క కిటికీ తెరలు కుట్టి దుకాణాలకి వేస్తుంది. కొత్త మిషను కొంది. మంచి మిషను, ఇంత చప్పుడు కూడా చెయ్యదు. అయినా పక్కింటివాడు వచ్చి గుమ్మంలో నిలబడి చేతులు తిప్పాడు. వాడు బేకరీలో రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటాడు. మిషను గోలకి కంటి మీద కునుకు లేదట. అది చాలదన్నట్టు, "మీ ఇంట్లో అందరూ ఎందుకండీ అంతలా అరుచుకుంటారు?" అని అడిగాడు.

అరుపులట! ఈ ఇంట్లో గొణుగుడు తప్ప ఇంకోటి ఉంటే ఒట్టు. నరాల డాక్టరుకి చూపించుకోమని సలహా ఇచ్చాను. అక్క నా వైపు గుడ్లురిమి చూసి వాడికి క్షమాపణ చెప్పుకుంది. ఈ జనం ఇలా మెత్తబడిపోబట్టే బేకరీవాళ్ళు కూడా గుమ్మంలోకి వస్తున్నారు.

ఫిబ్రవరి 20

కారు నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళని చూస్తుంటే ఇన్నాళ్ళూ మేం సరిహద్దులో కాపాడింది వీళ్ళనేనా అని దిగులేస్తోంది. ఒకావిడ గేరు మార్చినప్పుడల్లా కళ్ళు మూసుకుంటుంది. ఒక కుర్రాడు అద్దంలో వెనక వచ్చే బండ్లు చూడమంటే తన జుట్టు చూసుకుంటాడు. బ్యాంకు గుమాస్తా ఒకడున్నాడు, ప్రతి మలుపులోనూ కారుని బతిమాలుకుంటాడు, "తిరుగమ్మా, తిరుగు" అని. పెదాలు కదలడం చూశాను.

నోటితో చెప్పి లాభం లేదని మా పద్ధతి పెట్టాను. భుజం మీద ఒకసారి తడితే క్లచ్. రెండుసార్లు తడితే బ్రేకు. కాలరు పట్టి లాగితే ఉన్నవాడు ఉన్నట్టు ఆగిపోవాలి. ప్రశ్నలు వెయ్యకూడదు.

ఫిరంగి దగ్గర మేం చేసింది ఇదే. అక్కడ మాకు పేర్లుండవు, నంబర్లే. నేను ఒకటో నంబరుని, అంటే జట్టుకి పెద్దని. 'పేల్చు' అంటూ నేను ఎత్తిన చెయ్యి దించితేనే గుండు పేలాలి. నా పక్కనే రెండో నంబరు. వైర్‌లెస్‌లో పైనుంచి ఆజ్ఞ రాగానే వాడు నా భుజం తట్టేవాడు. ఒక దెబ్బ అంటే సిద్ధం, రెండంటే పేల్చు, కాలరు పట్టుకుంటే ఆపు. ఫిరంగి దగ్గర అన్నిటికన్నా పెద్ద మాట 'ఆపు'. దాన్ని ఎవడైనా అరవచ్చు, వంటవాడైనా సరే. అది వినపడితే ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోవాలి. మిగతా జట్లు గొంతులు చించుకునేవి. మాది మాత్రం మూగగా, ముచ్చటగా నడిచేది. ఈ పద్ధతి చివరి కొన్నేళ్ళలో రెండో నంబరే మొదలుపెట్టాడు. నేను చెప్పకుండానే. జట్టంటే అదీ. మనసులో మాట చెప్పకుండానే తెలుసుకునేవాళ్ళు. ఇక్కడ చెప్పినా తెలుసుకోరు.

మార్చి 2

బావ మళ్ళీ గొణిగాడు.

మార్చి 9

కొత్తగా ఒక ముసలాయన చేరాడు. బట్టల మిల్లులో మగ్గాల మీద పనిచేసి రిటైరయ్యాడట. చెవిలో తేనె రంగు మిషను. ఈ వయసులో కారెందుకయ్యా అంటే, భార్యకి కిడ్నీలు పాడయ్యాయి, వారంలో మూడుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, ఆటోలో కుదుపులు తట్టుకోలేకపోతోంది అన్నాడు. ఒక్క విషయం ఒప్పుకోవాలి, ఈయన మాత్రం గొణగడు. ముఖం తిన్నగా నా వైపు తిప్పి, ఒక్కో మాటా విడదీసి చెబుతాడు. ఆ కాలం మనుషులే వేరు.

స్టీరింగు పట్టుకోవడం మాత్రం పాముని పట్టుకున్నట్టే పట్టుకుంటాడు. చెవుడు తోడైతే ఇంక చెప్పేదేముంది. ఇలాంటివాళ్ళకి లైసెన్సు ఇచ్చే ప్రభుత్వాన్ని అనాలి.

మార్చి 27

రెండో నంబరుకి ఉత్తరం రాశాను. జట్టంతా ఎలా ఉందని అడిగాను. నా బదులు ఒకటో నంబరుగా ఎవడొచ్చాడో రాయమన్నాను. ఎవడొచ్చినా ఆగస్టు దాకే అని కూడా రాశాను.

ఏప్రిల్ 14

ఇవాళ ముసలాయన నా మాట వినలేదు. సంత వీధిలో తిన్నగా పోనిమ్మని చెప్పాను. ఉన్నట్టుండి ఎడమ పక్కకి లాగి ఆపేశాడు. నేను రెండు తట్లు తట్టలేదు, కాలరు పట్టలేదు. "ఎవరు ఆపమన్నారు?" అని గట్టిగానే కేకలేశాను. అప్పుడు పక్కనుంచి అంబులెన్సు దూసుకుపోయింది.

ఈ మధ్య అంబులెన్సులు సైరన్ లేకుండా తిరుగుతున్నాయి. డ్రైవర్లకి ఎంత పొగరో చూడండి. అదే అన్నాను ముసలాయనతో. ఆయన ఇంజను ఆపి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, నా వైపు తిరిగాడు.

"సైరన్ మోగింది బాబూ. వీధి మొదట్నించీ మోగుతూనే ఉంది."

"మీ చెవిలో మిషను చేసిన గోల అయ్యుంటుంది."

"మొదట్లో నేనూ అంతే," అన్నాడు. "మా కోడలు కావాలని నాకు వినపడకుండా మాట్లాడుతోందని మావాడితో పెద్ద గొడవ పెట్టుకున్నా. ఏడాది పాటు ఆ పిల్లతో మాట్లాడలేదు. అందరూ గొణుగుతున్నారని నేనంటే, అందరూ అరుస్తున్నామని వాళ్ళంటారు. మీరు పొద్దున్నుంచీ రోడ్డు చూడట్లేదు, నా పెదాలు చూస్తున్నారు."

ఒళ్ళు మండిపోయింది. దిగి, డ్రైవింగు సీట్లోకి నేను మారి, స్కూలు దాకా నేనే నడిపాను. దారంతా ఆయన ఏదో చెబుతూనే ఉన్నాడు. నేను రోడ్డు చూస్తూ నడిపాను, కాబట్టి ఏం చెప్పాడో తెలియదు.

ఏప్రిల్ 15

ముసలాయన్ని ఇంకెవరికైనా అప్పజెప్పమని బావతో చెప్పాను.

"ఆయన నీ దగ్గరే నేర్చుకుంటానంటున్నాడోయ్," అన్నాడు బావ. "నువ్వు తట్టి చెబుతావు కాబట్టి ఆయనకి సుఖంగా ఉందట."

చూశారా, చెవిటివాళ్ళకి నా పద్ధతి సుఖంగా ఉందట. యుద్ధం కోసం పుట్టిన పద్ధతిని ఏ స్థాయికి దించారో.

మే 6

రెండో నంబరు జవాబు రాయలేదు. తీరిక ఉండదు. ఫిరంగి శుభ్రం చెయ్యడమే సగం రోజు పని.

మే 30

అక్కతో మాటామాటా పెరిగింది. వంటింట్లో నాకు వీపు పెట్టి గిన్నెలు కడుగుతూ ఏదో అంటోంది, నేను నా పళ్ళెంలో నేను తింటున్నాను. ఆఖరికి చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ముందు కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇప్పటిదాకా నేనన్నదానికి ఏం చెబుతావురా?"

"ఏమన్నావు?"

"నాలుగుసార్లు అడిగాను. వాళ్ళు తీసుకోకపోతే ఏం చేస్తావని."

"తీసుకుంటారు."

"తీసుకోకపోతే?"

"నీకు నా మీద నమ్మకం లేదా అక్కా?"

"నీ మీద ఉంది తమ్ముడూ. నీ చెవుల మీద లేదు. ఒక మిషను పెట్టించుకుని మాతో ఉండిపోకూడదా? మీ బావకి నువ్వంటే ఎంత ఇది తెలుసా? నీ కుర్చీ కూడా ఆయనే ఆ మూల వేయించారు, నీ కుడిపక్కకి మేం రావాలని."

లేచి వచ్చేశాను. జాలి చూపించేవాళ్ళని నేను క్షమించను. వీళ్ళకి తెలియనిదేమిటంటే, ఫిరంగి దగ్గర నేను నిలబడితే ఎనిమిది మంది నా కనుసైగ కోసం చూసేవాళ్ళు. ఇక్కడ నేను గదిలోంచి బయటికొస్తే చూసేది పక్కింటి పిల్లి ఒక్కటే. ఆ ముద్ర పడితే ఇంక జీవితమంతా ఈ రెండు బ్రేకుల బండే. చచ్చిపోవడం నయం. ఇది కోపంలో రాస్తున్నది కాదు.

జూన్ 18

పరీక్ష ఎలా ఉంటుందో మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకున్నాను. గాజు కిటికీ ఉన్న చిన్న గది. లోపల నేను, తలకి హెడ్‌ఫోన్లు, చేతిలో ఒక మీట. కిటికీ అవతల మిషను ముందు పరీక్ష చేసే కుర్రాడు. అక్కడ గట్టి చప్పుళ్ళుండవు. సైనికుడికి వినపడి తీరాల్సిన సన్నటి శబ్దాలే పంపుతారు, వినపడినప్పుడల్లా మీట నొక్కాలి. చాలినన్ని సార్లు నొక్కితే పాస్.

కిందటిసారి నేను బుద్ధిగా కళ్ళు మూసుకుని కూర్చున్నాను. అదే తప్పు. మధ్యలో ఒకసారి తెరిచినప్పుడు చూశాను, ఆ కుర్రాడు శబ్దం పంపేటప్పుడు మోచెయ్యి ఇంత పైకి లేస్తుంది.

ఇందులో మోసమేమీ లేదు. శత్రువు కదలిక కనిపెట్టడమే సైనికుడి పని. కనిపెట్టినవాణ్ణి మెచ్చుకుంటారు.

జూలై 7

ముసలాయన లైసెన్సు పరీక్ష పాసయ్యాడు. బ్యాంకు గుమాస్తా తప్పాడు. స్కూలు ముందు అందరి ఎదుటా ముసలాయన వంగి నా చేతులు పట్టుకున్నాడు. నాకు సిగ్గేసింది, ఆయనకి వెయ్యలేదు. భార్యని కూడా తీసుకొచ్చాడు. పీలగా, చీరలో చుట్టిన కర్రలా ఉంది. ఆవిడ ఏదో అంది. ఏమందో అడగలేదు. నవ్వాను. ఈ మధ్య చాలామందికి నవ్వే జవాబు చెబుతున్నాను. గొణిగేవాళ్ళకి అంతకన్నా అక్కర్లేదు.

ఆగస్టు 12

పాస్.

ఆగస్టు 12, సాయంత్రం

మళ్ళీ రాస్తున్నాను: పాస్. 'తిరిగి చేరడానికి అర్హుడు.' సెప్టెంబరు ఒకటిన పటాలంలో రిపోర్టు చెయ్యాలి.

అదే గది, అదే కుర్రాడు. బొద్దుగా, నిద్రమొహంతో, చొక్కా మీద బిస్కట్ పొడి. సైన్యం జీతం తింటూ ఇలాంటి శాల్తీలు గదుల్లో కూర్చుని మాలాంటివాళ్ళ తలరాతలు రాస్తారు. మోచెయ్యి లేచినప్పుడల్లా మీట నొక్కాను. ఒకటి రెండు కావాలనే వదిలేశాను, మరీ బాగుంటే అనుమానం వస్తుందని. వాడు కాగితం చూసి, నన్ను చూసి, "బాగా మెరుగైంది సార్" అన్నాడు. నిజం చెప్పొద్దూ, అంత సులువుగా మోసపోయేవాణ్ణి చూస్తే గెలిచిన సంతోషం కూడా సగం పోయింది.

బావ స్వీటు కొనుక్కొచ్చాడు. అక్క తినలేదు. నా గదిలోకి వచ్చి నా బట్టలు ఇస్త్రీ చేసి పెట్టె మీద పెట్టింది. మంచం మీద కూర్చుని కాసేపు నా ముఖం చూసి వెళ్ళిపోయింది. ఏడుపుమొహం. వీళ్ళకి సంతోషపడటం కూడా నేర్పాలి.

ఆగస్టు 19

రెండో నంబరు వచ్చాడు! సెలవు మీద సొంతూరు వెళ్తూ దారిలో దిగాడు. బక్కచిక్కాడు, మీసం తీసేశాడు. అయినా వాడు లోపలికి రాగానే ఈ ఊళ్ళో మొదటిసారి ఒక మగవాడు కనిపించినట్టయింది. మేడ మీద అక్క మిషను, కింద విద్యార్థుల సంత, అందుకని స్కూలు వెనక ఆపిన కారులో కూర్చున్నాం. వాడు స్టీరింగు ముందు, నేను పక్కన. వాడు మొదటి నుంచీ నాకు ముఖం చూపించే మాట్లాడతాడు, అదే వాడి గొప్పతనం.

శుభవార్త చెప్పాను. భుజం మీద చరిచి, "సెప్టెంబరు ఒకటి నుంచి మళ్ళీ నువ్వూ నేనూ" అన్నాను.

వాడు స్టీరింగు మీద చేతులు పెట్టి అడిగాడు.

"మన ఫిరంగి మీదికేనా అన్నా?"

"కాక?"

"అయితే నేను వేరే జట్టుకి మార్చమని రాసిస్తాను."

పరాచికమనుకుని నవ్వాను. వాడు నవ్వలేదు.

"ఎలా పాసయ్యావన్నా?"

"వినపడి పాసయ్యాను."

"నాతో కూడానా?" అన్నాడు. అంతే. ఆ తర్వాత వాడు చెప్పినదంతా రాస్తాను, ఎందుకంటే ఇలాంటి మాటలు ఇలాంటివాళ్ళ నోటివెంట వస్తాయని రేపు నేనే నమ్మను.

"భుజం తట్టడం ఎందుకు మొదలుపెట్టామనుకున్నావు? నీకు వైర్‌లెస్ వినపడట్లేదని మాకు తెలిసిపోయింది. ఎనిమిదిమందిమీ కూర్చుని మాట్లాడుకున్నాం. అన్న పరువు పోకూడదు, మనమే చూసుకుందాం అనుకున్నాం. నేను నీ పక్కన నిలబడ్డాను. కొన్నేళ్ళు నిలబడ్డాను. తుమ్మడానికి కూడా భయమేసేది, ఆ క్షణంలో ఆజ్ఞ వస్తే ఎలాగని. జ్వరమొచ్చినా సెలవు పెట్టలేదు."

"నేను అడిగానా?"

"అడగలేదు. జనవరిలో ఆ కొండ మీద, గుర్తుందా? రెండు తట్టాను. నువ్వు చెయ్యి ఎత్తావు. అప్పుడు ఆపమన్నారు. ముందు పొదల్లో మనవాళ్ళు ఇద్దరున్నారు, ప్రాక్టీసుకి పెట్టిన గురి పలకలు సరిచేస్తూ. వైర్‌లెస్‌లో అరుస్తున్నారు, వెనకనుంచి అందరూ అరుస్తున్నారు, వంటవాడు కూడా అరిచాడు. నేను నీ కాలరు పట్టుకోబోయాను. చేతికి నూనె ఉంది, జారిపోయింది."

నాకు గుర్తుంది. కాలరు జారి, నా మెడ పట్టుకున్నాడు. గోళ్ళు దిగాయి. వీడికేం పిచ్చిపట్టిందని అప్పుడు తిట్టాను కూడా.

"రెండోసారి పట్టు దొరక్కపోతే ఆ ఇద్దరూ లేరు," అన్నాడు. "ఆ మధ్యాహ్నమే వెళ్ళి డాక్టరుతో నేనే చెప్పాను. నీ చెవులు పరీక్షించమని. డాక్టరు తప్పేం లేదు, తిట్టాలంటే నన్ను తిట్టు. నాకు ఏప్రిల్‌లో పాప పుట్టిందన్నా. ఉత్తరానికి జవాబు ఎలా రాయాలో తెలియలేదు."

కారు దిగమన్నాను. దిగాడు. బస్సు ఎటుపక్కో చెప్పలేదు, కనుక్కుని ఉంటాడు.

ఆగస్టు 20

ద్రోహి.

ఆగస్టు 21

నా వీపు వెనక ఎనిమిదిమంది కూర్చుని మాట్లాడుకున్నారట. నాకు పరువు దానం చేశారట. ఎవడడిగాడు? పిరికివాళ్ళు. ముఖం మీద చెప్పే దమ్ముండాలి. చెప్పి ఉంటే తన్నేవాణ్ణి, చెప్పడానికి ఆ భయం ఉంటుంది కదా. అంటే భయం వల్లే చెప్పలేదు. అంటే పిరికివాళ్ళే.

వాడు వేరే జట్టుకి పోతే పోనీ. ఇంకో రెండో నంబరుని తయారుచేసుకుంటాను. నేర్పడం ఎంతసేపు? భుజం మీద ఒకటంటే సిద్ధం.

ఆగస్టు 23

కొత్త రెండో నంబరుకి ఏమని చెప్పి నేర్పాలి? నాకు బాగానే వినపడుతుంది గానీ నువ్వు తట్టు అనాలా?

ఆగస్టు 24

మధ్యాహ్నం అక్క మిషను ముందు కూర్చుని ఉంది. తెర గుడ్డ చకచకా జరుగుతోంది. నేను వెళ్ళి మిషను బల్ల మీద అరచెయ్యి ఆనించాను. బల్ల అదిరిపోతోంది. ఇంత అదిరేది చప్పుడు లేకుండా ఎలా ఉంటుంది? ఫిరంగి బండ్లు చూసినవాణ్ణి, ఆ మాత్రం తెలుసు. అక్క కాలు ఆపి నా వైపు చూసింది. "ఇది గోల చేస్తుందా?" అని అడిగాను. అవునని తల ఊపింది. నేను అన్నం తినకుండా పడుకున్నాను.

బేకరీవాడు నన్ను ఎంత వెధవ అనుకుని ఉంటాడో. వాడెవడో నన్ను వెధవ అనుకుంటే నాకేం అని ఎన్నిసార్లు అనుకున్నా, ఆ మాట ఇవాళ అతకడం లేదు.

ఆగస్టు 26

పొదల్లో ఉన్న ఆ ఇద్దరూ ఎవరు? వాడు పేర్లు చెప్పలేదు. నేనూ అడగలేదు. గురి పలకలు సరిచేసేవాళ్ళు ఎప్పుడూ కొత్త కుర్రాళ్ళే. వంగి పనిచేస్తుంటారు. తల ఎత్తి కూడా చూడరు, వెనక ఒకటో నంబరు ఉన్నాడన్న ధీమా.

ఛీ. ఎంత నమ్మకం, ఎవడి మీద.

ఆగస్టు 29

బావ నా పక్కన వచ్చి కూర్చున్నాడు. కుడిపక్కన. ఎప్పుడూ కుడిపక్కనే కూర్చుంటాడని ఇవాళ గమనించాను. నాకు రైలు టికెట్ తెచ్చాడు, జేబులో పెట్టాడు. "వెళ్ళేముందు ఒక్క మాటోయ్," అని పేపరు లేకుండా, ముఖం ఎదురుగా పెట్టి అన్నాడు. "నువ్వు పోతే మళ్ళీ ఆ కొండల్లో ఏమవుతుందోనని మీ అక్క నిద్రపోవడం లేదు. నీకేమవుతుందోనని కాదు. నీ వల్ల ఎవరికేమవుతుందోనని."

ఇంత మాట వేరే ఎవడన్నా పళ్ళు రాలగొట్టేవాణ్ణి. చాలా స్పష్టంగా మాట్లాడాడు. ఈయనకి మాట్లాడటం వచ్చు.

ఆగస్టు 30

పొద్దున్నే మిలిటరీ ఆస్పత్రికి వెళ్ళాను. అక్కకి స్టేషనుకని చెప్పాను. అదే కుర్రాడు, అదే చొక్కా అయ్యుంటుంది, ఇవాళ పొడి కాలరు మీద ఉంది. నన్ను గుర్తుపట్టాడు.

"మీది అయిపోయింది కదా సార్. పాసయ్యారు."

"మళ్ళీ చెయ్యి."

"ఒకసారి అర్హుడని రాశాక మళ్ళీ ఎవరూ అడగరు సార్. ఇప్పుడు తప్పితే ఇంక శాశ్వతంగా..."

"రూల్సు నాకు నేర్పకు. నీకన్నా ముందు పుట్టాను. కుర్చీ తిప్పి గోడ వైపు వెయ్యి."

వాడు నన్నూ, గాజు కిటికీనీ, తన మోచేతినీ ఒకసారి చూసుకున్నాడు. ముఖం ఎర్రబడింది. అప్పటికి అర్థమైంది మొద్దు రాచ్చిప్పకి. కుర్చీ తిప్పాడు.

గోడ వైపు కూర్చున్నాను. హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి మీట ఇచ్చి, తలుపు వేసి వెళ్ళాడు. గోడకి తెల్ల రంగు. నాసిరకం పని, ఒకచోట బ్రష్షు వెంట్రుక రంగులో అంటుకుపోయి ఎండిపోయింది. దాన్నే చూస్తూ బొటనవేలు మీట మీద పెట్టి ఎదురుచూశాను. ఎనిమిదిమంది నా కనుసైగ కోసం చూసినప్పుడు కూడా ఇంత శ్రద్ధగా ఉండి ఉండను. ఊపిరి కూడా బిగబట్టాను, దాని చప్పుడు అడ్డం రాకూడదని.

వాడు ఇంకా మొదలుపెట్టలేదు. టీ తెచ్చుకోవడానికి వెళ్ళి ఉంటాడు, లేదా ఫోనులో ఎవరితోనో కబుర్లు. ఈ జాతికి ఇంకొకడి సమయమంటే లెక్కలేదు. అవతల నా బతుకు తేలాలి, వీడికి బిస్కట్లు. చాలాసేపు ఓర్చుకున్నాను. నడుము లాగేసింది. ఆఖరికి ఒళ్ళు మండి, హెడ్‌ఫోన్లు పీకి పక్కన పడేసి, తలుపు తోసుకుని బయటికొచ్చాను.

"ఎప్పుడు మొదలుపెడతావయ్యా?" అని కసిరాను.

వాడు మిషను ముందే కూర్చుని కాగితం మీద ఏదో రాస్తున్నాడు. కలం ఆపి, లేచి నిలబడి, ముఖం తిన్నగా నాకు చూపించి, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"పరీక్ష పెట్టేశాను సార్. రెండు చెవులూ అయిపోయాయి."